ఐదో బోరు ఎందుకు వేస్తారు?

ఈ నెల నాకు డబ్బు నిర్ణయాల గురించి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒక్కటే అడిగాయి. లెక్క తెలిసిన మనిషి, నలుగురికి సలహా చెప్పే మనిషి, తన దాకా వచ్చేసరికి నష్టపోయే నిర్ణయం ఎలా తీసుకుంటాడు అని. నేను గ్రామీణ బ్యాంకులో 31 ఏళ్లు పని చేశాను. అందులో 11 ఏళ్లు అనంతపురం జిల్లాలోనే గడిచాయి. పంట రుణాలు, బంగారం మీద రుణాలు ఇచ్చేదాన్ని. మంచి రైతులు, మంచి ఇల్లాళ్లు నా కళ్ల ముందే తప్పు దారిలోకి వెళ్లడం చూశాను. అలా ఎందుకు జరిగిందో అర్థం చేసుకోవాలని రిటైరయ్యాక మనస్తత్వ శాస్త్రం చదవడం మొదలుపెట్టాను. ఇక్కడ చెప్పేవాటిలో సగం కౌంటర్ దగ్గర నేర్చుకున్నవి, సగం చదివి తెలుసుకున్నవి.

మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇచ్చాను. ఆ ఇంట్లో బోరు బండి ఏ రోజైనా రావచ్చు. అందుకే ఆ అబ్బాయికి పోస్టులో విడిగా కూడా జవాబు పంపాను.

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. ఐదెకరాల చీనీ (బత్తాయి) తోట. చెట్లకు ఎనిమిదేళ్లు. పాత బోరు రెండేళ్ల కిందట ఎండిపోయింది. అప్పటి నుంచి నాయన నాలుగు బోర్లు వేయించినాడు. ఒకదాంట్లో తడి మట్టి వచ్చింది. ఇంకొకదాంట్లో అర ఇంచు నీళ్లు వచ్చి నెలకే ఆగిపోయినాయి. మిగతా రెండూ ఉత్త దుమ్ము. ఆరు లక్షలు అయిపోయింది. ఇప్పుడు టెంకాయ పట్టి పాయింట్ చూసే ఆయన్ను పిలిపించి ఐదో బోరు వేస్తానంటున్నాడు. దానికోసం అమ్మ గాజులు కుదువ పెడతాడంట. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నా. వద్దంటే, "ఇన్ని లక్షలు పోసి ఇప్పుడు వదిలేస్తామా?" అంటాడు. మా నాయన తెలివిగల మనిషి. ఊర్లో పంపకాల లెక్కలకు ఆయన్నే పిలుస్తారు. ఎట్లా చెప్పాల మేడమ్?

జవాబు: బాబూ, మీ నాయన తెలివిగల మనిషి అని మీరే రాశారు. ఆ మాటను వదిలిపెట్టకండి. రేపు ఆయనతో మాట్లాడేటప్పుడు అదే మీకు అక్కరకొస్తుంది.

డేనియల్ కానమన్, అమోస్ ట్వెర్‌స్కీ అని ఇద్దరు ఇజ్రాయెల్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఉండేవారు. 1979లో వాళ్లు అచ్చువేసిన ఒక పరిశోధనలో రెండు ప్రశ్నలు ఉన్నాయి. మొదటిది: "3,000 ఇజ్రాయెల్ పౌండ్లు ఖాయంగా ఇస్తాం. లేదా నూటికి 80 పాళ్లు 4,000 వచ్చే అవకాశం ఉన్న పందెం ఆడవచ్చు, అందులో ఓడితే సున్నా. ఏది కావాలి?" నూటికి 80 మంది ఖాయంగా వచ్చే 3,000 చాలన్నారు. రెండో ప్రశ్నలో రాబడిని నష్టంగా మార్చారు: "3,000 ఖాయంగా పోతుంది. లేదా నూటికి 80 పాళ్లు 4,000 పోయే పందెం, గెలిస్తే ఏమీ పోదు." ఈసారి నూటికి 92 మంది పందెమే కావాలన్నారు. అంకెలు అవే, లాభం నష్టంగా మారిందంతే. లాభం దగ్గర జాగ్రత్తగా ఉన్న మనిషి నష్టం దగ్గరికి వచ్చేసరికి జూదానికి సిద్ధపడ్డాడు. ట్వెర్‌స్కీ 1996లో పోయారు. కానమన్‌కు 2002లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది.

మీ నాయన ఇప్పుడు ఆ రెండో ప్రశ్న ముందు నిలబడి ఉన్నారు. బోరు ఆపేస్తే ఆరు లక్షలు పోయినట్టు ఈరోజే ఖాయం అవుతుంది. ఇంకొకటి వేస్తే, పడితే గనక, ఆ ఆరు లక్షలు పోలేదు, పెట్టుబడి పెట్టామని చెప్పుకోవచ్చు. డబ్బు పోయింది మొదటి బోరు రోజే, రెండో బోరు రోజే. కానీ "పోయింది" అని ఖాతా మూసే రోజు ఇంకా రాలేదు. ఆ రోజును వెనక్కి నెట్టడానికే ఐదో బోరు. "ఇన్ని లక్షలు పోసి ఇప్పుడు వదిలేస్తామా?" అనే మాటలో ఉన్నది ఇదే.

ఇక టెంకాయ సంగతి. ఆ పాయింట్ చూసే ఆయన మోసగాడని నేను అనను. చాలామంది తమ చేతిలో నిజంగానే ఏదో ఉందని నమ్ముతారు. కానీ ఊళ్లో మాట ఎలా నడుస్తుందో గమనించండి. నీళ్లు పడిన బోరు గురించి పదేళ్లు చెప్పుకుంటారు. పడనిదానికి మాత్రం "రాయి అడ్డం పడింది", "బండివాడు పాయింట్‌కు రెండడుగులు పక్కన దింపినాడు" అని ఏదో ఒక కారణం దొరుకుతుంది, అది ఎవరి లెక్కలోకీ రాదు. పడినవాటినే లెక్కపెడితే ఎవరి చెయ్యైనా మంచి చెయ్యిగానే కనిపిస్తుంది.

"నాలుగు పోయినాయి, ఐదోది పడక పోతుందా" అని కూడా ఆయన అనుకుంటూ ఉండవచ్చు. నాణెం ఎగరేస్తే నాలుగుసార్లు బొమ్మ పడినంత మాత్రాన ఐదోసారి బొరుసే పడాలని లేదు. బోరు విషయంలో పరిస్థితి ఇంకా కష్టం. మీ జిల్లాలో చాలాచోట్ల నేల కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లు పైన మెత్తబడిన పొరలోనూ, రాతి పగుళ్లలోనూ నిలుస్తాయి. కిందికి పోయేకొద్దీ సాధారణంగా పగుళ్లు తగ్గుతాయి, అడుగు రేటు పెరుగుతుంది. ఒకే ఐదెకరాల్లో నాలుగు చోట్ల నీళ్లు లేవంటే ఆ రాయి మీకు నాలుగుసార్లు ఒకే కబురు చెప్పినట్టు.

ఇదంతా మీ నాయనకు పాఠంలా చెప్పకండి. నేను పని చేసిన ఒక బ్రాంచిలో ఒకాయన మూడో బోరు కోసం భార్య నల్లపూసలు తెచ్చి ఇచ్చాడు. నేను తూకం వేయించి, ఫారంలో "వ్యవసాయ అవసరం" అని రాసి, అరగంటలో డబ్బు ఇప్పించాను. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. బోరు పడలేదు. ఏడాదిన్నర తర్వాత వేలం నోటీసు మీద సంతకం పెట్టింది కూడా నేనే. ఆమె బ్యాంకుకు వచ్చి బల్ల అంచు పట్టుకుని నిలబడింది, ఏమీ అనలేదు. రుణం ఇచ్చిన రోజు ఆయన్ను కూర్చోబెట్టి, "ఇది కూడా పడకపోతే ఏం చేద్దామనుకుంటున్నావు నాయనా?" అని అడిగి ఉండాల్సింది. ఇన్నేళ్లయినా ఆ మాట నా గుండెలోనే ఉండిపోయింది.

అందుకే మీరు "వద్దు" అనే మాటతో మొదలుపెట్టకండి. బోరు వేయాలా వద్దా అన్నంతవరకూ ఆయనకు అది గెలుపు ఓటముల సంగతే. ప్రశ్న మార్చండి: "నాయనా, ఈ వేసవికి ఎన్ని చెట్లు కాపాడుకోగలం?" ఆయన దిగులంతా అక్కడే ఉంది. చీనీ నాటాక నాలుగైదేళ్లకు గానీ కాపు మొదలవ్వదు. బిడ్డల్లా పెంచిన చెట్లు. ఒక్క వేసవిలో ఎండిపోతే మళ్లీ మొదటికే రావాలి. ఆయన కాపాడుకుంటున్నది మొండితనాన్ని కాదు, ఆ చెట్లను. ఐదెకరాలూ నిలవకపోతే బాగా కాసే రెండెకరాలను ఎంచుకుని, డ్రిప్పుతో, పాదుల్లో చెత్త కప్పి, అవసరమైతే ట్యాంకరు నీళ్లతో గట్టెక్కించవచ్చు. పక్క పొలం వాళ్ల బోరులో నీళ్లుంటే ఈ ఒక్క సీజనుకు ధర మాట్లాడుకోవచ్చు. గాజుల మీద వచ్చే డబ్బు ఐదో బోరుకు ఒక్క రోజులో అయిపోతుంది. అదే డబ్బుతో ఎన్ని నెలల ట్యాంకర్లు వస్తాయో ఆయన్నే లెక్క వేయమనండి. పంపకాల లెక్కలు చేసే మనిషి కదా, తేల్చి చెబుతారు.

అప్పటికీ వేస్తానంటే, ముందు భూగర్భ జల నిపుణుల చేత సర్వే చేయించండి. తర్వాత బండి రాకముందే ఒక కాగితం మీద మూడు సంగతులు ఆయన చేతనే రాయించండి: ఎన్ని అడుగుల దగ్గర ఆపాలి, మొత్తం ఎంతకు మించకూడదు, ఆపమని చెప్పేది ఎవరు. ఆ కాగితం అమ్మ దగ్గర ఉండాలి. ఎందుకంటే రాత్రి పూట, తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చిన బోరు బండి మోతలో, అందరూ గుంట చుట్టూ నిలబడి ఉండగా, "అన్నా, ఇంకో వంద దింపమంటావా?" అని అడిగితే, వద్దనే బలం ఆ క్షణాన ఎవరికీ ఉండదు. పగటి పూట ఇంట్లో కూర్చుని తీసుకున్న నిర్ణయమే ఆయనకు ఆసరా.

"నేను ముందే చెప్పినా" అనే మాట మాత్రం ఎప్పటికీ అనకండి. కొడుకు ముందు తల దించుకోవాల్సి వస్తుందన్న భయం కూడా కొందరిచేత ఇంకో బోరు వేయిస్తుంది.

ప్రశ్న: మా వారు 40 రూపాయలు కలిసొస్తాయని స్కూటర్ మీద ఊరి చివర ఉన్న రైతుబజారుకు వెళ్తారు. అదే మనిషి మొన్న ఫ్రిజ్ కొంటూ స్టాండు, స్టెబిలైజరు, అదనపు వారంటీ అని షాపువాడు కలిపిన 4,000కు ఒక్క మాట అడగకుండా కార్డు గీకేశారు. ఈయన పొదుపరా, దుబారానా నాకే తెలియడం లేదు. (గృహిణి, విజయవాడ)

జవాబు: రెండూ కాదమ్మా. ఆయన మనసు రూపాయలను విడిగా చూడడం లేదు, పక్కనున్న అంకెతో పోల్చి చూస్తోంది. 200 రూపాయల కూరల పక్కన 40 పెద్దది. 35,000 ఫ్రిజ్ పక్కన 4,000 చిన్నగా కనిపిస్తుంది. మొదటి జవాబులో చెప్పిన ఆ ఇద్దరే 1981లో దీన్ని కూడా పరీక్షించారు. 15 డాలర్ల కాలిక్యులేటర్ మీద 5 డాలర్లు తగ్గుతుందంటే, ఇరవై నిమిషాలు కారు నడుపుకుంటూ ఇంకో షాపుకు వెళ్తామని నూటికి 68 మంది అన్నారు. కాలిక్యులేటర్ 125 డాలర్లనీ, తగ్గేది అదే 5 డాలర్లనీ చెబితే, వెళ్తామన్నవాళ్లు 29 మందే.

పెద్ద వస్తువు కొన్నప్పుడు పక్కన చేరేవాటిని ఆ రోజు కొనకండి. స్టెబిలైజర్ కావాలో వద్దో వారం తర్వాత విడిగా చూస్తే, అది 35,000లో ఒక చిన్న ముక్కగా కాకుండా, దాని అసలు ధరతో కనిపిస్తుంది. రైతుబజారుకు మాత్రం వెళ్లనివ్వండి. తాజా కూరలు ఏరుకోవడం, తెలిసినవాళ్లతో రెండు మాటలు మాట్లాడటం 40 రూపాయల లెక్కలోకి రావు. అవి కూడా ఆయనకు కావాలి.

ప్రశ్న: మా ఆయన సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. కరోనా టైమ్‌లో స్టాక్ మార్కెట్లో ఆప్షన్స్ ట్రేడింగ్ (ధర ఎటు పోతుందో అని పందెం లాంటిది) మొదలుపెట్టారు. మొదట్లో కొంత వచ్చింది. ఇప్పటికి తొమ్మిది లక్షలు పోయాయని ఈ మధ్యే తెలిసింది, అందులో నాలుగు పర్సనల్ లోన్. "రికవరీ అయిన రోజే మానేస్తా" అంటున్నారు. రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. (కూకట్‌పల్లి, హైదరాబాద్)

జవాబు: తల్లీ, మొదటి ఉత్తరం మరోసారి చదవండి. ఇంజనీరుగారి ఆప్షన్స్, ఆ రైతు బోర్లు ఒకటే. రికవరీ అనే మాట ఐదో బోరు లాంటిదే. తేడా ఏమిటంటే, బోరు వేయడానికి బండి రావాలి, డబ్బు పోగవ్వాలి, నెలలు పడుతుంది. ఫోన్‌లో ఐదో బోరు, ఆరో బోరు, పదో బోరు అన్నీ మధ్యాహ్నం మూడున్నర లోపే పడిపోతాయి.

మీవారు ఒంటరి కాదని చెప్పడానికి ఒక లెక్క ఇస్తున్నాను. స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ 2024 సెప్టెంబర్‌లో ఒక అధ్యయనం బయటపెట్టింది. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారు. ఖర్చులతో కలిపి సగటున ఒక్కొక్కరికి సుమారు రెండు లక్షలు పోయాయి. అందరిదీ కలిపితే 1.8 లక్షల కోట్లు దాటింది. నన్ను ఎక్కువగా కలచివేసిన అంకె మరొకటి: వరుసగా నష్టపోయినవాళ్లలో నూటికి 75 మందికి పైగా ఆట కొనసాగించారు. పోయింది తిరిగి రావాలనే ఆశే వాళ్లను అక్కడ కట్టిపడేసింది. "రికవరీ అయ్యాక మానేస్తా" అనేవారికి మానేసే రోజు రావడం చాలా అరుదు, ఎందుకంటే ఆ షరతు వాళ్ల చేతిలో లేదు.

ఈ ఆదివారం ఇద్దరూ కూర్చుని ఎక్కడెక్కడ ఎంత అప్పు ఉందో, వడ్డీ ఎంతో ఒక తెల్ల కాగితం మీద రాయండి. లోన్ యాప్‌లు ఉంటే అవి కూడా. "తొమ్మిది లక్షలు పోయాయి" అనే మాట ఆయన నోటితోనే రావాలి. మీరు ఏడవొచ్చు, కోపపడొద్దు. ఆ మాట పైకి అనడమే ఆయనకు అన్నిటికన్నా బరువైన పని. తర్వాత బ్రోకర్‌కు రిక్వెస్ట్ పెట్టి ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) సెగ్మెంట్‌ను ఆపించండి. జీతం పడే ఖాతా నుంచి ట్రేడింగ్ ఖాతాకు ఉన్న లింకు తీయించండి. పర్సనల్ లోన్‌కు నెలనెలా ఎంత కట్టగలరో చూసుకోండి. ఇద్దరి వయసూ చిన్నదే, ఆ నాలుగు లక్షల లోన్ తీర్చుకోగలిగిన అప్పే.

ఆయన చాలా కుంగిపోయి బతకడం దండగ లాంటి మాటలు అంటుంటే ఒక్క రోజు కూడా ఆగకండి, టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం నంబర్ 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వం నడిపేది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు.

ప్రశ్న: నాకు 68 ఏళ్లు. పెన్షన్‌లో మిగిల్చి ఏటా కాస్త బంగారం కొంటాను. ఎంబీఏ చదివిన మనవడు "అమ్మమ్మా, తరుగు, మజూరీ పోను నీకేం మిగులుతుంది? ఇది తెలివిలేని పని" అంటాడు. నిజమేనా? (రాజమహేంద్రవరం)

జవాబు: అమ్మా, తరుగు గురించి మనవడు చెప్పింది సరైనదే. పెట్టుబడి కోసమే అయితే నగ వద్దు, బిళ్ల కొనండి. కానీ బంగారం కొనడం తెలివిలేని పని అంటే మాత్రం నేను ఒప్పుకోను.

నా బ్యాంకు అనుభవంలో, ఒక ఆడమనిషి ఒంటరిగా వచ్చి, ఇంకొకరి సంతకం లేకుండా, అరగంటలో డబ్బుతో బయటికి వెళ్లగలిగింది బంగారంతో మాత్రమే. పొలం మీద రుణం అంటే పాస్‌బుక్కు, ఈసీ (పొలం మీద వేరే తాకట్టు ఉందో లేదో చూపే పత్రం), లీగల్ ఒపీనియన్ కావాలి, అన్నిటికీ మించి అది చాలాసార్లు భర్త పేరో మామగారి పేరో మీద ఉంటుంది. పిల్లాడికి అర్ధరాత్రి ఆపరేషన్ పడితే చేతికున్న గాజులే అక్కరకొచ్చిన ఇళ్లు నాకు తెలుసు. మనవడు చూసేది రాబడి. మీరు చూసేది ఎవరినీ చేయి చాచి అడగక్కర్లేని ధైర్యం. బయటి నుంచి చూసేవారికి పిచ్చిగా కనిపించే ప్రతిదీ పిచ్చి కాదు. ఆ మనిషి ఎక్కడ నిలబడి ఆ పని చేస్తున్నదో కూడా చూడాలి. మొత్తం పొదుపును బంగారంలోనే పెట్టకుండా, ఆసుపత్రి ఖర్చుకు కొంత బ్యాంకులో ఉంచుకుంటే చాలు.

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాల టీచర్‌ని. మా విద్యార్థుల తల్లిదండ్రులు దినవారీ ఫైనాన్స్‌లో అప్పులు తెస్తారు, ఆ వడ్డీ విని నేను భయపడతాను. చెప్పినా వినరు. పేదవాళ్లు పేదగా ఉండడానికి వాళ్ల నిర్ణయాలే కారణమేమో అనిపిస్తోంది. తప్పుగా అనుకోకండి. (మహబూబ్‌నగర్)

జవాబు: మాస్టారూ, దాచుకోకుండా అడిగారు, అందుకు గౌరవం. కానీ ఆ ఆలోచనను తిరగేసి చూడండి. పేదరికం వల్లే నిర్ణయాలు దెబ్బతింటున్నాయేమో.

తమిళనాడులో చెరకు రైతుల మీద జరిగిన పరిశోధన ఒకటి 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావో చేసినది. చెరకు రైతుకు డబ్బు ఏడాదికి ఒకసారి, కోత తర్వాత వస్తుంది. కోతకు ముందు నెలల్లో కుదువలు, చేబదుళ్లు. కోత అయ్యాక చేయి కాస్త ఆడుతుంది. 464 మంది రైతులకు కోతకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి బొమ్మల చిక్కుప్రశ్నలు, చకచకా జవాబు చెప్పాల్సిన అంకెల పరీక్ష పెట్టారు. అదే మనిషి, అదే తెలివి. కోతకు ముందు తప్పులు ఎక్కువ, వేగం తక్కువ. కోత తర్వాత మెరుగు. అప్పు ఆలోచన బుర్రలో చోటు ఆక్రమించేస్తే, మిగతా ఆలోచనకు చోటు తగ్గిపోతుందని వాళ్లు రాశారు.

నాకు ఆ పరిశోధన చదివినప్పుడు వేరుశనగ రైతులు గుర్తొచ్చారు. జూన్‌లో విత్తనాల అప్పుకు వచ్చినప్పుడు ఎక్కడ వేలిముద్ర వేయమంటే అక్కడ వేసేవాళ్లు. ఏ ఇన్సూరెన్స్ కలిపినా అడిగేవాళ్లు కాదు. అదే మనిషి పంట అమ్ముకుని కట్టడానికి వచ్చిన రోజు, రూపాయి వడ్డీ ఎక్కువ కనిపిస్తే "ఇదేంది మేడమ్?" అని నిలదీసేవాడు. మేము ఏ రోజు ఏ కాగితం ముందు పెట్టాలో ఆలోచించలేదు. ఆలోచించి ఉండాల్సింది.

దినవారీ అప్పు తెచ్చే తల్లికి ఆ వడ్డీ ఎక్కువని తెలియక కాదు. పొద్దున ఐదు గంటలకు బండి మీద పండ్లు వేసుకోవాలి, ఆ వేళకు తెరిచి ఉండేది ఆ ఫైనాన్స్ ఆయన ఇల్లొక్కటే. మీరు సాయం చేయాలనుకుంటే సలహా తగ్గించి పని పంచుకోండి. స్కాలర్‌షిప్ ఫారాలు మీరే నింపించండి. డ్వాక్రా సంఘంలో ఆమె ఉందో లేదో కనుక్కుని, లేకపోతే సంఘం లీడరుతో మాట్లాడండి. ముఖ్యమైన మాట ఏదైనా కూలి డబ్బు చేతికొచ్చిన వారంలో చెప్పండి. అప్పుడు వినగలరు.

ప్రశ్న: మా బిడ్డ పెండ్లి మాఘమాసంల. ఐదు లక్షలల్ల మంచిగ చేయొచ్చు. కానీ చుట్టాలందరు ఫంక్షన్ హాలు, డ్రోన్ కెమెరా, రెండు రోజుల భోజనాలు అంటున్నరు. ఇరవై లక్షలైతది. ఇల్లు తాకట్టు పెట్టాలె. మాకు ఇష్టం లేదు, కానీ నలుగురు ఏమనుకుంటరో అని భయం. (కరీంనగర్)

జవాబు: అక్కా, ఇష్టం లేని పనిని నలుగురి కోసం చేయడం బలహీనత అని నిన్ను నువ్వు తిట్టుకోకు. సోలొమన్ ఆష్ అనే ఆయన 1950ల్లో అమెరికాలో ఒక పరీక్ష చేశారు. ఒక గీత చూపించి, పక్కనున్న మూడింటిలో దానంత పొడవున్నది ఏదని అడగడమే. చిన్న పిల్లలు కూడా చెప్పగలరు. గదిలో మిగతా అందరినీ ముందే మాట్లాడిపెట్టుకుని తప్పు జవాబు చెప్పించారు. పరీక్షకు వచ్చిన మనిషి తన కళ్లతో చూస్తూ కూడా, సుమారు మూడోవంతు సార్లు వాళ్లతో కలిసి తప్పే చెప్పాడు. గీతల దగ్గరే అలా అయితే, బిడ్డ పెండ్లి దగ్గర ఎంత ఒత్తిడి ఉంటుందో నాకు తెలుసు. మా చెల్లెలి పెండ్లికి మా నాన్న అమ్మిన ఎకరం ఇప్పటికీ మా అమ్మ మాటల్లో వస్తుంది. ఆ పెండ్లికి వచ్చినవాళ్లలో భోజనంలో ఏం వడ్డించారో గుర్తున్నవాళ్లు ఒక్కరూ లేరు.

ఆష్ పరీక్షలో ఇంకో సంగతి ఉంది. గదిలో ఇంకొక్క మనిషి నిజం చెప్పినా, ఆ లొంగిపోవడం బాగా తగ్గిపోయింది. నలుగురినీ ఎదిరించక్కర్లేదు, ఒక్క తోడు దొరికితే చాలు. మీకు ఆ తోడు ఎవరవుతారో ఆలోచించాను. చుట్టాలు కాదు, వియ్యపురాలు. వాళ్లు కూడా "ఆడపిల్లవాళ్లు ఏమనుకుంటారో" అని హాలు పెద్దది చూస్తుండవచ్చు. ఇద్దరికీ ఇష్టం లేని ఖర్చును ఇద్దరూ ఒకరి కోసం ఒకరు చేసే పెండ్లిళ్లు చాలా ఉన్నాయి.

ముందు బిడ్డను అడుగు. తర్వాత, మధ్యవర్తులు లేకుండా, మగవాళ్లను పంపకుండా, వియ్యపురాలికి నువ్వే ఫోన్ చెయ్యి. "వదినా, మా చేతనైంది ఐదు లక్షలు. ఇల్లు తాకట్టు పెట్టి చేస్తే నీ కోడలే రేపు బాధపడుతది. నీ మనసుల ఏమున్నదో చెప్పు" అను. హాలుకు అడ్వాన్స్ కట్టకముందే, ఈ వారంలోనే చెయ్యి. ఆమె ఏమన్నదో నాకు రాయి, చదవాలని ఉంది.